మాట లేని వంత

1981 మే 16, శనివారం

ఆస్పత్రి నుంచి గదికి వచ్చాను. మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా వద్దన్నారు. మామూలు మాట కంటే గుసగుసకే గొంతు ఎక్కువ కష్టపడుతుందట. ఏం కావాలన్నా రాసి చూపించమని మలయాళీ నర్సు ఈ పుస్తకం ఇచ్చింది. మొదటి పేజీల నిండా "నీళ్ళు", "నొప్పి", "లైటు తియ్యండి" అని ఉన్నాయి. వాటిని చించేశాను. కువైట్‌లో ఈ అబ్బాసియా గదిలో ఉండేది నేనూ అన్వర్ బాషానే. నేను చెయ్యి తిప్పితే చాలు, ఏం కావాలో వాడికి తెలుస్తుంది. కాబట్టి ఇక ఈ పుస్తకం నా ఒక్కడికే.

మెడలో గడ్డ పెద్దది. తియ్యక తప్పలేదు. దాన్ని అంటుకుని ఉన్న నరాలు పోయాయని డాక్టరు చెప్పాడు. ఈజిప్టు మనిషి, దాచకుండా చెప్పాడు. చలికాలం దాకా చూద్దాం, అప్పటికి గొంతు రాకపోతే ఇక రాదు అన్నాడు.

వస్తుంది.

మే 22, శుక్రవారం

చిన్నపుల్లయ్య బావ వచ్చాడు. మా మేనమామ కొడుకు. బేకరీలో పని కాబట్టి ఎప్పుడు వచ్చినా వేడి కుబూస్ రొట్టెలు తెస్తాడు. ఈసారి పాయసం కూడా తెచ్చాడు, మింగడానికి మెత్తగా ఉంటుందని.

మా ఊరు చిట్వేలిలో ఉన్నప్పటి నుంచీ మేం కలిసి బుర్రకథ చెబుతున్నాం. మధ్యలో తంబుర పట్టుకుని కథ చెప్పేది బావ. ఆయనకు ఎడమపక్కన గుమ్మెట వాయిస్తూ, మాటకు మాట అడ్డం వేస్తూ జనాన్ని నవ్వించే వంతను నేను. కువైట్ వచ్చాక కుడిపక్క వంతకు రాయచోటి అన్వర్ దొరికాడు. ఆ వరస ఇంతవరకూ మారలేదు.

"ఫర్వానియాలో ప్రోగ్రాం ఒప్పుకున్యాం గదా సిద్ధా," అన్నాడు బావ, నా వైపు చూడకుండా. "నీ జాగాలో రామాంజుల్ని నిలబెడతాండా. నీ గొంతు వచ్చేదాకానే. ఏమంటావు?"

తల ఊపాను. నాకేం బాధ లేదు.

జూన్ 5, శుక్రవారం

రామాంజులు బాగా చేశాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. వాడు చెప్పినవన్నీ నేను అల్లిన మాటలే. చెప్పుకోనీ, దానికేం. కొత్తవాడు, నవ్వులు కాస్త తక్కువ వచ్చాయి. నేనేమీ గమనిస్తూ కూర్చోలేదు. కథలో బావి తవ్వే చోట మాత్రం జనం పొట్టలు పట్టుకోవాలి. ఇవాళ దగ్గారు.

జూన్ 6

గొంతు రాలేదు.

జూన్ 19, శుక్రవారం

ఊరి నుంచి వచ్చినవాళ్ళ చేత మా ఆవిడ రెడ్డెమ్మ క్యాసెట్ పంపింది. ఎప్పుడూ మా మధ్య ఉత్తరాలుండవు, క్యాసెట్లే. ఒకవైపు తను మాట్లాడుతుంది. రెండోవైపు నేను మాట్లాడి తిప్పి పంపుతాను. "ఏమయ్యా, రెండు నెలలాయ, నీ మాటే ల్యాకపాయ. పని ఎక్కువా? ఒళ్ళు బాగుండాదా?" అని అడిగింది. వెనకాల మా మేక అరుపు కూడా వినిపించింది.

ఆపరేషన్ సంగతి ఆమెకు చెప్పలేదు. టేప్ రికార్డర్ చెడిపోయిందని రెండు ముక్కలు రాసి పంపాను. టేప్ రికార్డర్ బల్ల మీదే ఉంది. దాని మీద గుడ్డ కప్పాను. దుమ్ము పడకుండా.

జూలై 4

రంగుల పనిలో నన్ను నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. పెయింటరు పైన ఉన్నప్పుడు డబ్బా జారితే కిందివాళ్ళను కేకేసి హెచ్చరించాలి. కేకెయ్యలేనివాణ్ణి పైకి ఎలా పంపను అని పాలస్తీనా ఫోర్‌మన్ అన్నాడు. న్యాయమే. ఇప్పుడు కింద కూర్చుని రంగులు కలుపుతున్నాను.

జూలై 10, శుక్రవారం

ఇవాళ చాలా రాయాలి.

అన్వర్ పని చేసేది అహ్మదీలో, చమురు కంపెనీ దొరల క్లబ్బులో. శుక్రవారం పొద్దున అక్కడ పిల్లలకు పాత సినిమాలు వేస్తారు. "గోడల్ని చూస్తా ఎన్నాళ్ళు కూర్చుంటావన్నా? ఏసీ ఉంటాది, రా," అని లాక్కుపోయాడు. ప్రొజెక్టర్ ఆడించేది ఫెర్నాండెజ్ అనే గోవా ముసలాయన. నా మెడ మీది మచ్చ చూసి ఏమీ అడగలేదు. తన పక్కనే స్టూలు వేశాడు.

సినిమాలో మాటల్లేవు. ఒక బక్క మనిషి, పొట్టి కోటు, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. పెళ్ళివారింట్లో గోడలకు పూల కాగితం అంటించాలి. దానికి నిచ్చెన తెస్తాడు. అంతే కథ. ఆ నిచ్చెన గుమ్మంలో పట్టదు. ఇటు తిప్పితే పెళ్ళికూతురి తండ్రి టోపీ ఎగిరిపోతుంది. క్షమించమని వంగితే వెనక చివర పోయి పురోహితుడికి తగులుతుంది. ఇంత జరుగుతున్నా ఆ మనిషి మొహంలో నవ్వు లేదు. ఇల్లు తగలబడుతుంటే ఆర్పడానికి వచ్చినవాడిలా శ్రద్ధగా ఉంటాడు.

నేను నవ్వాను. గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆపరేషన్ తర్వాత నవ్వడం ఇదే మొదలు. నా నవ్వుకు శబ్దం లేదని అప్పుడే తెలిసింది.

ఫెర్నాండెజ్ సినిమా వదిలేసి నన్నే చూస్తున్నాడు. "హోమర్ ప్లంక్. అమెరికావాడు. ఇప్పుడెవరికీ గుర్తు లేడు," అన్నాడు హిందీలో. నాకు అన్వర్ దగ్గర నేర్చిన ఉర్దూ ఉంది. సరిపోతుంది.

జూలై 17, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను. పిల్లలు వెళ్ళిపోయాక ప్లంక్ గురించి చెప్పమని సైగ చేశాను. ఫెర్నాండెజ్ అడిగించుకునే మనిషి కాదు.

ప్లంక్ ఒక మంగలి కొడుకు. ఊరూరా గుడారం వేసి మందులమ్మే బృందంలో కుర్రతనంలోనే చేరాడు. ముందర యజమాని నిలబడి ఈ మందు తాగితే కీళ్ళనొప్పులు పోతాయి, జుట్టు మొలుస్తుంది అని గంభీరంగా చెబుతుండేవాడు. వెనకాల ప్లంక్ ఆ మందు తాగి చేతులూ కాళ్ళూ మెలికలు తిరిగి పడిపోయేవాడు. యజమాని తిరిగి చూసేసరికి బుద్ధిగా నిలబడి ఉండేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. జనం మందు కోసం కాక వీడి కోసం రావడం మొదలుపెట్టారట.

అక్కణ్ణుంచి సినిమాల్లోకి వెళ్ళాడు. తాళ్ళూ వలలూ లేకుండా తనే పడేవాడు. ఒకసారి మేడ మీద నుంచి పడి తుంటి విరిగింది. కాలు పొట్టిదైంది. కుంటివాడితో ఏం చేస్తామని కంపెనీవాళ్ళు అనేలోపే ఆ కుంటునే నడకగా మార్చుకుని, దాంతోనే పేరు తెచ్చుకున్నాడు.

"మా నాన్న బొంబాయిలో సినిమా హాల్లో వయొలిన్ వాయించేవాడు," అన్నాడు ఫెర్నాండెజ్. "తెర మీద ప్లంక్ పడితే కింద నాన్న వయొలిన్ కూడా పడేది. మా ఇంట్లో అందరూ ఆయన పడితేనే అన్నం తిన్నాం."

జూలై 24

ఎండ. దుమ్ము. గొంతు రాలేదు. క్లబ్బుకు వెళ్ళాను.

ఆగస్టు 14, శుక్రవారం

ప్లంక్ ఎలా పడతాడో పట్టుకున్నాను. ఫెర్నాండెజ్ రీలును చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు. ముందు కాలు జారదు, ముందు కళ్ళు వెళతాయి. ఎక్కడ పడబోతున్నాడో అక్కడ ఒక్క క్షణం చూస్తాడు. "అమ్మయ్యా, ఇక్కడైతే పడను" అన్నట్టు తేలిగ్గా ఊపిరి పీలుస్తాడు. జనానికి అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత గడ్డం గుండెకు ఆనించి, మోకాలు, తుంటి, భుజం వరసగా నేలకు ఇస్తాడు.

సాయంత్రం మేడ మీద స్పాంజి పరుపు వేసుకుని పడి చూశాను. మొదట నిజంగానే పడ్డాను.

ఆగస్టు 28, శుక్రవారం

మాటలొచ్చిన సినిమాల సంగతి చెప్పాడు. ప్లంక్ గొంతు సన్నగా, ఆడపిల్ల గొంతులా ఉండేదట. తెర మీద నోరు తెరవగానే, జోకు చెప్పకముందే హాలంతా గొల్లుమంది. ఆయన కోరుకున్న నవ్వు అది కాదు. కంపెనీ కాంట్రాక్టు రద్దు చేసింది. అదే ఏడాది ఫెర్నాండెజ్ నాన్న వయొలిన్ పెట్టెలో పెట్టేశాడు.

ఆ తర్వాత? అని చేత్తో అడిగాను.

లెన్సు తీసి తుడిచాడు. "తర్వాత తిరిగి వచ్చాడు. చివర్లో ఒక సినిమా చేశాడు. ఒక్క మాట లేకుండా. జనం లేచి నిలబడ్డారు," అన్నాడు.

సినిమాలకు మాటలొచ్చి ఆయన మూలపడ్డాడు. మాట పోయి నేను మూలపడ్డాను. ఆయన తిరిగి వచ్చాడంటే నాకు దారి ఉందన్నమాట. ఇవాళ మేడ మీద చీకటిపడే దాకా పడ్డాను.

సెప్టెంబర్ 11, శుక్రవారం

నాకు దొరికింది! రంగులు కలుపుతుంటే తట్టింది. మందులమ్మేవాడి వెనకాల ప్లంక్. కథ చెప్పే బావ పక్కన నేను. బావ చెప్పే ఓబులేసు కథ ఆయన సొంతంగా కట్టింది. కరువులో ఊరికోసం ఒక్కడే బావి తవ్వి ప్రాణం వదిలిన మనిషి కథ. బావ దాన్ని ఎంత గంభీరంగా చెబుతాడంటే గాలి కూడా ఆగి వినాలి. ఆ గాంభీర్యం పక్కన ఒక నిచ్చెన పట్టుకుని, ఒక్క మాట లేకుండా, బావిలోకి దిగాలని చూసే నేను. గుమ్మెట చేతిలో ఉండనే ఉంది. మాటకు బదులు అది మాట్లాడుతుంది.

అన్వర్‌కు చేసి చూపించాను. మంచం మీద దొర్లాడు.

సెప్టెంబర్ 18, శుక్రవారం

బావకు చేసి చూపించాను. నవ్వలేదు.

"వద్దు సిద్ధా," అన్నాడు. "జనం నవ్వుతారు, కాదనను. ఏమని నవ్వుతారు? అయ్యో పాపం, మూగోడయినాడు, నవ్వకపోతే బాధపడతాడు అని నవ్వుతారు. అట్లాంటి నవ్వు నీకు వచ్చేది నేను చూడలేనబ్బా." తర్వాత మెల్లగా అన్నాడు. "ఇంటికి పో. టికెట్ నేను తీస్తా. ఈ ఎండలో, ఈ రంగుల వాసనలో ఎందుకు నీకు?"

మొన్నటి దుమ్ముగాలికి కిటికీ అద్దం మట్టికొట్టుకుని ఉంది. దాని మీద వేలితో రాశాను: ఒక్కసారి.

బావ చదివి కుబూస్ సంచి అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 19

నాకేం బాధ లేదు. ఉంది.

సెప్టెంబర్ 25, శుక్రవారం

బల్ల మీది గుడ్డ తీశాను. అన్వర్‌ను కూర్చోబెట్టి రెడ్డెమ్మకు అంతా చెప్పించాను. ఆపరేషన్, గొంతు, టేప్ రికార్డర్ అబద్ధం, బావ ఇంటికి పొమ్మనడం. వాడు "వదినా, భయపడొద్దు" అని మొదలుపెట్టి తనే ఏడ్చాడు. రెండుసార్లు చెరిపి మళ్ళీ చెప్పాడు. చివర నేను గుమ్మెట మీద నాలుగు దెబ్బలు వేశాను. నేనే అని తెలియడానికి.

అక్టోబర్ 9, శుక్రవారం

ప్లంక్ చివరి సినిమా చూపించమని ఫెర్నాండెజ్‌ను వదలకుండా అడుగుతున్నాను. క్లబ్బులో లేదు, బహ్రెయిన్ నుంచి రావాలి, పెట్టె దొరకలేదు, ఇలా వారానికో మాట చెబుతూ వచ్చాడు. ఇవాళ చొక్కా పట్టుకున్నాను. ముసలాయన చొక్కా.

ఆయన విడిపించుకోలేదు. "లేదు బాబూ. ఆ సినిమా లేదు. ఆయన తిరిగి రాలేదు," అన్నాడు.

స్టూడియో గేటు దగ్గర కొన్నాళ్ళు కాపలా ఉద్యోగం ఇచ్చారట. వచ్చీపోయేవాళ్ళు చూసి నవ్వుతుంటే మానేశాడు. చెప్పుల షాపులో పనికి కుదిరాడు. యుద్ధం రోజుల్లో పోయాడు. పేపర్లో పేరు కూడా తప్పు వేశారు.

"నువ్వు ఆ స్టూలు మీద మా నాన్నలా కూర్చుని ఉన్నావు," అన్నాడు. "ఆయన వయొలిన్ పెట్టె ముందు ఇలాగే కూర్చునేవాడు. అప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. నీకైనా చెబుదామనుకున్నాను."

చొక్కా వదిలేసి వచ్చేశాను.

అక్టోబర్ 10

ఏమీ లేదు.

అక్టోబర్ 13

మేడ మీదికి వెళ్ళలేదు. పరుపు మీద పిల్లి పడుకుంటోంది.

అక్టోబర్ 16, శుక్రవారం

క్లబ్బుకు వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. ఫెర్నాండెజ్ నన్ను చూసి నిచ్చెన రీలు పెట్టాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. నేనైతే ఎలాగూ మాట్లాడను.

సినిమా చూస్తూ ఆలోచించాను. ఆయన చెప్పుల షాపులో పోతే పోయాడు. అమెరికాలో పోయాడు. ఇక్కడ, ఈ ఎడారిలో, ఆయన పేరు కూడా తెలియని పిల్లలు కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వుతున్నారు. ఆ పడటం ఇంకా పని చేస్తోంది. తిరిగి రావడమూ రాకపోవడమూ ఆయన కథ. నా కథలో నేను ఒక్కసారైనా ఎక్కాలి. ఎక్కి పడితే పడతాను. పడటమే కదా నేర్చుకున్నది.

వెళ్ళేటప్పుడు ఫెర్నాండెజ్ చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా.

అక్టోబర్ 26

డాక్టరు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశాడు. ఇక రాదు అన్నాడు. నాకు ముందే తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో తెలియదు.

సాయంత్రం పిల్లిని లేపి పరుపు వేసుకున్నాను.

నవంబర్ 3

రెడ్డెమ్మ క్యాసెట్ వచ్చింది. పెట్టి విన్నాను. మొదట చాలాసేపు టేపు తిరిగే చప్పుడే. ముక్కు చీదిన చప్పుడు. తర్వాత:

"గొంతు పోతే పోయిందిలేయ్యా. మనిషివి ఉండావు. ఇన్నేళ్ళు నువ్వు చెప్పేది నేను ఇన్యా. ఇంగ నేను చెప్పేది నువ్వు ఇను. పుల్లయ్యన్న పొమ్మన్యాడని వచ్చేయొద్దు. నీకు రావాలని ఉంటే రా. ల్యాకపోతే అన్వర్ చెప్పిన ఆ నిచ్చెన ఆట ఏందో అది ఆడు. ఆడి, ఎట్లుందో వాని చేతనే చెప్పించు. నువ్వయితే బాగుందనే అంటావు."

చివర ఇంకొక మాట. "గుమ్మెట ఇన్యా."

నవంబర్ 6, శుక్రవారం

అన్వర్ నన్ను వెంటబెట్టుకుని బావ గదికి వెళ్ళాడు. అక్కడ రామాంజులు కూడా ఉన్నాడు.

"ఇరవయ్యో తేదీ ఆటలో సిద్ధన్న ల్యాకపోతే నేనూ గుమ్మెట ముట్టనన్నా," అన్నాడు అన్వర్.

బావ మొహం ఎర్రబడింది. "బెదిరిస్తాండావా?"

"బెదిరించడం ల్యా. చెప్తాండా."

"నాకైతే మంచిదే పుల్లయ్యన్నా," అన్నాడు రామాంజులు నెమ్మదిగా. "ఆయన మాటలు నా నోట్లో పలకవు. అందరూ ఆయన్నే తలుచుకుంటాండారు. నేను యాడ సచ్చేది?"

బావ చాలాసేపు తంబుర తీగ బిగిస్తూ కూర్చున్నాడు. అది బిగిసే ఉంది. "ఒక్కసారి," అన్నాడు. "జనం నవ్వకపోయినా, పాపమని నవ్వినా, మల్లా అడగొద్దు. నేను చెప్పిన దినం ఇంటికి పోవాల."

తల ఊపాను.

నవంబర్ 19

రేపు.

నవంబర్ 20, శుక్రవారం

అబ్బాసియా స్కూలు హాలు. మధ్యాహ్నం మూడింటికే నిండిపోయింది. అంతా మనవాళ్ళే. డ్రైవర్లు, వంటవాళ్ళు, తాపీపనివాళ్ళు, వారానికి ఈ ఒక్కపూట సెలవు దొరికిన ఆడవాళ్ళు. ఫెర్నాండెజ్ కూడా టై కట్టుకుని వచ్చాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

నేను వేదిక ఎక్కగానే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే తెలిసిపోయింది. అందరికీ నా గొంతు సంగతి తెలుసు. ముందు వరసలో ఒకాయన నాలుక చప్పరించి "పాపం" అన్నాడు. నాకు వినపడింది.

బావ మొదలుపెట్టాడు. ఓబులేసు పార పట్టాడు. నేను నిచ్చెన తెచ్చాను. తిప్పాను. అన్వర్ తలపాగా ఎగిరింది. ఒకరిద్దరు నవ్వి, వెంటనే పక్కవాళ్ళ వైపు చూసి ఆపుకున్నారు. పడ్డాను. ప్లంక్ ఎలా పడతాడో సరిగ్గా అలాగే, కళ్ళు ముందు, మోకాలు, తుంటి, భుజం. ఒక ఆడమనిషి "అయ్యో!" అంది. హాలు మొత్తం నిశ్శబ్దం. నాకు దెబ్బ తగిలిందనుకుంటున్నారు. బావ కంటిచివరి నుంచి నన్ను చూశాడు. నేను చెప్పలేదా అన్న చూపు కాదు. ఏడవబోయేవాడి చూపు.

నేల మీద పడి ఉండగానే అర్థమైంది. వీళ్ళు నిచ్చెనను చూడడం లేదు. నా గొంతును చూస్తున్నారు. ఆ గొంతును పక్కన పెట్టి ఎన్ని నిచ్చెనలు తెచ్చినా లాభం లేదు.

లేచాను. బావ అప్పుడే చెయ్యి ఆకాశానికెత్తి "గంగమ్మ తల్లీ, యాడున్నావమ్మా" అని రాగం అందుకున్నాడు. నేనూ పక్కన నిలబడి, నిచ్చెనను తంబురలా భుజానికెత్తి, చెయ్యి ఎత్తి, ఆయనలాగే గుండెల నిండా ఊపిరి పీల్చి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నోరు మూసి గొంతు తడుముకున్నాను. మళ్ళీ తెరిచాను. రాలేదు. ఎక్కడ పడిపోయిందా అని నేల మీద వెతికాను. లేని బావిలోకి తొంగి వెతికాను. గుమ్మెటను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. అన్వర్ నోరు తెరిపించి లోపల చూశాను. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను నెమ్మదిగా బావ వైపు తిరిగాను. ఆయన ఇంకా రాగంలోనే ఉన్నాడు, ఎంత బాగా పాడుతున్నాడో! ఇంత గొంతు ఈయనకెక్కడిది? అనుమానంగా తల వంచి చూశాను. దగ్గరికెళ్ళి ఆయన అంగరఖా జేబులో చెయ్యి పెట్టాను.

బావ రాగం ఆగింది. తన జేబులో ఉన్న నా చేతిని చూశాడు. నా మొహం చూశాడు. దొంగను పట్టుకున్నవాడిలా కోపంగా ఉన్నాను నేను.

బావ నవ్వాడు. కథ చెప్పేటప్పుడు ఆయన నవ్వడం నేనెన్నడూ చూడలేదు. మొదట ముక్కులోంచి వచ్చింది. ఆపుకోవాలని చూశాడు, తంబుర చేతిలో వణికింది, అంతే, వంగిపోయాడు. అప్పుడు హాలు విరగబడింది. జాలితో నవ్వేవాళ్ళు ముందు పక్కవాడి మొహం చూస్తారు. ఈసారి ఎవరూ ఎవరినీ చూడలేదు. పాపం అన్నాయన కుర్చీలోంచి కిందికి జారాడు. వెనకాల టై కట్టుకున్న ముసలాయన లేచి నిలబడి చేతులతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ తర్వాత నిచ్చెన ఎలా తిప్పినా నవ్వారు. పడితే "ఇంకోసారి!" అని అరిచారు.

నవంబర్ 21, శనివారం

తుంటి వాచింది. మంచం మీద నుంచి రాస్తున్నాను. ఫోర్‌మన్‌కు అన్వర్ కబురు చెప్పాడు.

నిన్న ఆట అయ్యాక బావ తెర వెనక నా భుజం పట్టుకుని గోడకు నెట్టాడు. "నా కథంతా నాశనం చేసినావు గదరా! ఓబులేసు సచ్చిపోయే కాడ గూడా నవ్వుతాండారు! నేను ఏడిపిద్దామని కట్టిన కాడ!" అని అరిచాడు. అరుస్తూ అరుస్తూ మళ్ళీ నవ్వు వచ్చేసింది. నవ్వు ఆగాక నా మెడ మీది మచ్చ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు.

ఇవాళ పొద్దున బేకరీ నుంచే వచ్చాడు, చేతులకు పిండి. మహబూలాలో ఉండే మనవాళ్ళు వచ్చే నెలకు పిలిచారట. "ఓబులేసు సచ్చే కాడ మాత్రం నువ్వు కదలొద్దు," అన్నాడు. "ఆడ నా జనం నాకు కావాల. అంతకు ముందు నీ ఇష్టం."

కుదరదని వేలు ఊపాను. చనిపోయే చోటే నాకు ఒక మంచి పడటం ఉంది.

"ఏంది? అదేందో చూపించు," అన్నాడు.

లేవలేకపోయాను. రెండు వేళ్ళను కాళ్ళుగా చేసి దుప్పటి మీద నడిపించి చూపించాను. బావ మంచం అంచున కూర్చుని, తల వంచి, ఆ వేళ్ళనే చూస్తున్నాడు.